ఎడమవైపు కిటికీ

ఆర్టీసీ బస్సులో కర్చీఫు వేసి సీటు ఆపే విద్య మనకి ఎవరూ నేర్పలేదు. బస్సు స్టాండులోకి వస్తూ వుండగానే, చక్రాలు ఇంకా ఆగకుండానే, కిటికీలోంచి ఏదో ఒకటి లోపలికి పడేస్తాం. కర్చీఫో, తువ్వాలో, చేతిలో వున్న వారపత్రికో, ఏదీ లేకపోతే చంకలో వున్న పిల్లాణ్ణో! ఆ గుడ్డముక్క పడ్డ చోటు ఇక మన సొంత ఆస్తి. దస్తావేజు లేకుండా, రిజిస్ట్రేషను లేకుండా నలుగురూ ఒప్పుకునే ఆస్తి ఈ దేశంలో అదొక్కటేనేమో.

విమానంలో కర్చీఫు వేసే వీల్లేదు. అక్కడ డబ్బు వేయాలి. టికెట్టు కొన్నాక కూడా, ఫలానా కిటికీ పక్కనే కావాలంటే చాలా విమానాలవాళ్ళు మరికొంత పుచ్చుకుంటారు. పుచ్చుకోనివ్వండి. కానీ ఏ కిటికీ? అసలు చిక్కంతా అక్కడే వుంది. బస్సులో అయితే ఎండ ఎటు పడుతుందో చూసుకుంటే చాలు. విమానంలో ఒక వైపు కూర్చున్నవాళ్ళకి హిమాలయాలు కనపడతాయి, రెండో వైపు కూర్చున్నవాళ్ళకి పొగమంచు కప్పిన మైదానం కనపడుతుంది. ఇద్దరూ ఇచ్చిన డబ్బు ఒకటే.

ఈ వైపుల శాస్త్రం పెద్ద కష్టమేం కాదు లెండి. మామూలు విమానాల్లో నడవకి అటు మూడు, ఇటు మూడు సీట్లుంటాయి. ఎడమ చివర కిటికీ 'ఎ', కుడి చివర కిటికీ 'ఎఫ్'. మధ్య వరుసల్లో కూర్చుంటే రెక్క తప్ప ఇంకేం కనపడదు. హైదరాబాదు నించి పొద్దున్నే ఢిల్లీ వెడుతున్నామనుకోండి, విమానం మొహం ఉత్తరానికి కనక ఎండ కుడివైపు. సాయంత్రం బయల్దేరితే అస్తమించే సూర్యుడు ఎడమవైపు. పొయ్యి ఏ దిక్కున పెట్టాలో, తల ఏ దిక్కున పెట్టుకుని పడుకోవాలో చిన్నప్పటినించీ వింటూ పెరిగిన మనకి ఇదొక లెక్కా?

పూర్వం ఇంగ్లండు నించి ఇండియాకి ఓడల్లో వచ్చే దొరల గురించి ఒక కథ వుంది. ఎండ తగలకుండా వాళ్ళు ఇటు వచ్చేటప్పుడు ఓడలో ఎడమవైపు గదులూ, తిరిగి వెళ్ళేటప్పుడు కుడివైపు గదులూ తీసుకునేవారట. 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అనే ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిసే 'పాష్' అనే మాట పుట్టిందట. నిఘంటువులు కూర్చేవాళ్ళు మాత్రం దీనికి ఆధారం దొరకలేదంటారు. ఆధారం లేకపోయినా కథ ఇన్నేళ్ళు బతికింది. మంచివైపు ఏదో ముందుగా తెలిసినవాళ్ళే గొప్పవాళ్ళనే మాట మన మనసుకి నిజమనిపిస్తుంది కదూ, అందుకు!

ఆ లెక్కన, రెండేళ్ళ క్రితం కార్తీకమాసంలో నేనూ గొప్పదాన్నయ్యాను.

అమ్మకి డెబ్బై మూడేళ్ళు. పశుపతినాథుణ్ణి చూడాలని ఎన్నాళ్ళుగానో అంటూ వుంది. ఢిల్లీ దాకా ఒక విమానం, అక్కణ్ణించి ఖాట్మండుకి ఇంకొకటి. ఢిల్లీ నించి ఖాట్మండు తూర్పుగా పోవడం. హిమాలయాలు ఉత్తరాన. అంటే ఎడమవైపు. వానాకాలం వెళ్ళిపోయి ఆకాశం తేటపడే రోజులు. రెక్క అడ్డం రాకుండా వెనక వరుసలో 'ఎ' సీటు అమ్మకి, 'బి' సీటు నాకు, పైడబ్బు కట్టి మరీ తీసుకున్నాను. ఇంట్లో అందరికీ ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాను కూడా. "మామూలుగా వెళ్ళేవాళ్ళకి ఇవన్నీ తెలియవు" అని.

ఇక్కడ కిటికీతో మా ఇంటికున్న పాత సంబంధం కాస్త చెప్పాలి. మా చిన్నప్పుడు కిటికీ హక్కుని నిర్ణయించేది వాంతి. కడుపులో ఎవరికి తిప్పుతుందో కిటికీ వాళ్ళది. గుంటూరులో మాచర్ల బస్సు ఎక్కి ముందుగా కిటికీ పక్కకి చేరేదాన్ని నేనే. సత్తెనపల్లి రాకముందే మా తమ్ముడు మొహం అదోలా పెట్టేవాడు. అమ్మ వెంటనే, "అమ్మాయ్, నువ్విటు రా. తమ్ముణ్ణి అక్కడ కూర్చోనీ" అనేది. వాడి చేతికి వాసన చూడమని నిమ్మకాయ కూడా ఇచ్చేది. వాడు ఒక్కసారైనా వాంతి చేసుకున్న గుర్తు నాకు లేదు. నిమ్మకాయతో బంతాట ఆడుకుంటూ, దారి పొడుగునా మిరప కళ్ళాలు చూసుకుంటూ వచ్చేవాడు. అమ్మ మాత్రం ఎప్పుడూ చివరి సీటే, ఒళ్ళో సంచీతో సగం నడవలోకి జరిగి. ఆవిడ బస్సు కిటికీలోంచి బయటికి చూడ్డం నేనెప్పుడూ చూడలేదు.

అందుకే ఈ 'ఎ' సీటు. చిన్నతనంలో నాకు జరిగిన అన్యాయానికీ, ఆవిడ తనకి తను చేసుకున్న అన్యాయానికీ ఒకే దెబ్బకి పరిహారం చెల్లిస్తున్నాననుకున్నాను.

విమానం లేచిన కొంతసేపటికి ఎడమవైపు దూరంగా తెల్లటి గీత కనపడింది. మబ్బేమో అనుకున్నాం. మబ్బుకి అంచులు మెత్తగా వుంటాయి. వీటి అంచులు పదునుగా వున్నాయి. అమ్మ అద్దానికి ముక్కు ఆనించేసింది. నేను ఆవిడ భుజం మీదుగా చూస్తున్నాను. నా పక్కన, నడవ సీట్లో, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ నేపాలీ అమ్మాయి. తను మా ఇద్దరి మీదుగా మెడ సాచి చూస్తోంది. మళ్ళీ మర్యాదకి వెనక్కి వాలుతోంది. మళ్ళీ సాచుతోంది.

"ఆ పిల్లకేం కావాలో అడగవే" అంది అమ్మ.

అడిగాను. పోఖరా దాటాక ఎక్కడో కొండల్లో వాళ్ళ ఊరు. ఢిల్లీలో ఒక బ్యూటీ పార్లర్లో పని. రెండున్నరేళ్ళయింది ఇంటి మొహం చూసి. ఇప్పుడు అక్క పెళ్ళి. సెలవు తక్కువ కావడంతో ఈసారి బస్సు మానేసి మొదటిసారి విమానం ఎక్కిందిట. "ఆ తెల్లటి వాటిలో మా ఊరి కొండ ఏదో పోల్చుకుందామని చూస్తున్నాను" అంది. నేను తెలుగులో అమ్మకి చెప్పాను. చెప్పకుండా వుండాల్సింది.

అమ్మ బెల్టు విప్పేసింది. "లే" అంది నాతో.

మూడు నిముషాల్లో సీట్లు తారుమారయ్యాయి. ఆ పిల్ల కిటికీ పక్కకి వెళ్ళింది. అమ్మ మధ్యకి జరిగింది. నేను నడవ పక్కకి వచ్చి పడ్డాను. ఆ అమ్మాయి అద్దం మీద వేలు పెట్టి అమ్మకి ఒక్కొక్కటే చూపిస్తోంది. ధవళగిరి, 8,167 మీటర్లు. తరవాత అన్నపూర్ణ, 8,091 మీటర్లు. మీటర్లు నేను తరవాత పుస్తకంలో చూసి కలిపినవి లెండి, ఆ పిల్ల పేర్లే చెప్పింది. అమ్మకి కాశీ అన్నపూర్ణ తెలుసు గానీ కొండ అన్నపూర్ణ తెలియదు. ఆ పేరు వినగానే రెండు చేతులూ జోడించేసింది. హిందీ రాని అమ్మా, తెలుగు రాని ఆ పిల్లా బాగానే మాట్లాడేసుకుంటున్నారు. నేను చూసినవి రెండు. ఆ పిల్ల జడకి పెట్టుకున్న ఎర్ర క్లిప్పు, నా మోచేతికి తగులుతూ పోయిన కాఫీల బండి.

ఆ రాత్రి ఖాట్మండులో, దర్శనం అయ్యాక, సత్రం గదిలో పోట్లాట పెట్టుకున్నాను. దేవుడి ఊళ్ళో పోట్లాడకూడదంటారు గానీ పగలంతా ఆపుకున్నది ఎక్కడికి పోతుంది?

"నీకు చూడాలని లేదా అసలు?" అన్నాను.

"ఎందుకుండదే? చూడాలని లేకపోతే అది ఇవ్వడమెందుకవుతుంది? పారెయ్యడమవుతుంది" అంది అమ్మ, దుప్పటి దులుపుతూ.

నేను నోరు మూసుకోవాల్సిన మాట అది. నిజానికి ఆ మాట దగ్గరే ఈ వ్యాసం ఆపేసినా బాగానే వుండేది. మనకి అక్కర్లేని పాత చీర పనిమనిషికిచ్చి దానం అనుకుంటాం. తినబుద్ధి కాని మిఠాయి పక్కింటికి పంపి స్నేహం అనుకుంటాం. చూడాలని మనసు పీకుతున్నప్పుడు లేచి చోటివ్వడం వేరే సంగతి. దానికి ముందు "నాకు కావాలి" అని తెలిసి వుండాలి. ఏమీ కోరుకోకుండా బతకడం నేర్చుకున్న ఆడవాళ్ళని త్యాగమూర్తులని పొగుడుతాం గానీ, కోరికే లేని చోట త్యాగం ఎక్కణ్ణించి వస్తుంది? ఇన్నాళ్ళూ నేను అమ్మని ఆ రకం అనుకున్నాను. కాదన్నమాట. బస్సు చివరి సీట్లో కూర్చున్న ఆ పాతికేళ్ళూ ఆవిడకి మిరప కళ్ళాలు చూడాలనే వుందన్నమాట!

కానీ నా కోపం అంతటితో తీరలేదు.

"సరే, నీది నువ్విచ్చావు. నాదెందుకిచ్చావు?"

"నీదేమిటి?" అంది అమ్మ. నిజంగానే అర్థం కాలేదు ఆవిడకి.

"కిటికీ ఇచ్చి నువ్వు మధ్యకొచ్చావు. ఇంకా సగం కొండలు చూశావు. మధ్యలో వున్న నేను నడవలోకి పోయాను. ఆ సీటు నువ్విచ్చేముందు నన్నడిగావా?"

అమ్మ ముందు నవ్వింది. తరవాత నవ్వు ఆపి కాసేపు దుప్పటి వంకే చూసింది. "నువ్వు వేరే అనుకోలేదే" అంది.

ఆ ఒక్క మాట గురించి నేను రెండేళ్ళుగా ఆలోచిస్తున్నాను.

అది ప్రేమ మాటే, సందేహం లేదు. మన చెయ్యి మనకి వేరు కానట్టే, కూతురు కూడా వేరు కాదు. అందుకే ఇచ్చేటప్పుడు మన చేతిని అడగనట్టే కూతుర్నీ అడగం. ఇంటికి బంధువులొస్తే కూతురి మంచం, పాలు తక్కువైతే కూతురి గ్లాసు, డబ్బు చాలకపోతే కూతురి చదువు. తల్లి ముందు తనది ఇచ్చేస్తుంది. అది చాలనప్పుడు, తనదేననుకుని, కూతురిది కూడా ఇచ్చేస్తుంది. పేరు తల్లికొస్తుంది. కూతురికి ఏం పోయిందో ఎవరూ లెక్క రాయరు. అమ్మని అని ఏం లాభం? కిందటేడు మా ఆడపడుచు పిల్లలొచ్చినప్పుడు, పరీక్షలకి చదువుకుంటున్న మా అమ్మాయిని హాల్లోకి పంపి దాని గది వాళ్ళకిచ్చాను. "నీకు ఫరవాలేదు కదా" అని అడిగాను. అంటే, అప్పటికే పక్కలు మార్చేసి అడిగాను. ఫరవాలేదంది. నేనూ సత్తెనపల్లి దగ్గర ఫరవాలేదనే అన్నాను.

ఇంతకీ ఆ నేపాలీ అమ్మాయికి కిటికీ ఇవ్వడం న్యాయమేనా? డబ్బు కట్టినదాన్ని నేను. దిక్కులు లెక్కేసినదాన్ని నేను. మేం మళ్ళీ ఆ కొండలు చూస్తామో లేదో తెలియదు. ఆ పిల్ల వాటి కిందే పుట్టింది, వాటి కిందికే వెడుతోంది, రేపు పొద్దున లేచి గుమ్మంలోంచి చూసుకోవచ్చు. ఇదొక వాదం. మనం కొండలు చూడ్డానికి పోతున్నాం, ఆ పిల్ల తన ఇంటిని చూసుకోవడానికి పోతోంది. ఇది రెండో వాదం. అమ్మకి రెండోది తట్టింది, నాకు మొదటిది. పరాయి ఊళ్ళో ఏళ్ళ తరబడి వుండి, తిరుగు రైలు కృష్ణ వంతెన మీదికి రాగానే తలుపు దగ్గరికి పరిగెత్తిన వాళ్ళకి ఎవరి వాదం సరైందో చెప్పక్కర్లేదు. టికెట్టు సీటుని ఇస్తుంది. సీటులోంచి కనపడేదాని మీద ఎవరి మనసు ఎంత కొట్టుకుంటోందో టికెట్టుకి తెలియదు. కనక ఆ పిల్లకివ్వడం మంచి పనే. నన్నడక్కుండా ఇవ్వడం మాత్రం మంచి పని కాదు. ఒకే పనిలో ఈ రెండూ వుండడం నాకు చాలాకాలం మింగుడు పడలేదు.

ఆ అన్నపూర్ణ కొండల్లోనే మచ్ఛపుచ్ఛ్రే అని ఒక శిఖరం వుంది. మన మత్స్యపుచ్ఛమే, చేపతోక. 6,993 మీటర్లు. 1957లో ఒక బ్రిటిష్ బృందం దాన్ని ఎక్కింది. కొన కొద్ది దూరంలో వుందనగా, ముందే ఇచ్చిన మాట ప్రకారం దాని మీద అడుగు పెట్టకుండా వెనక్కి తిరిగారు. అక్కడివాళ్ళకి అది పవిత్రమైన శిఖరం. తరవాత ఆ కొండ ఎక్కడానికి నేపాల్లో అనుమతివ్వడం మానేశారు. అంత దూరం ఎక్కినవాళ్ళకి పైకి పోవాలని లేదంటే ఎవరు నమ్ముతారు? పోవాలని వుండి ఆగారు. అయితే ఆగుతామని మాటిచ్చింది వాళ్ళే, ఆగిన కాళ్ళూ వాళ్ళవే. పక్కవాడి కాళ్ళు ఆపి తమ మాట నిలబెట్టుకోలేదు.

ఖాట్మండు నించి పొద్దున్నే ఎవరెస్టు చూపించే విమానాలు కూడా వేస్తారు. గంట ప్రయాణం. కిటికీ పక్క సీట్లు మాత్రమే అమ్ముతారు. తూర్పుగా పోయేటప్పుడు కొండలు ఎడమవైపు వాళ్ళకి, వెనక్కి తిరిగాక కుడివైపు వాళ్ళకి. అందరికీ సమానం! రేటు విని మేం వెళ్ళలేదు. ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లని 2020లో నేపాలూ, చైనా కలిసి ప్రకటించాయని అమ్మకి చెబితే, "ఆ ఎనభై ఆరు సెంటీమీటర్లు కూడానా? జాకెట్టు గుడ్డా ఏమన్నానా?" అంది. విమానం వెనక్కి తిరుగుతుంది కాబట్టి దాంట్లో న్యాయం తేలిక. సంసారాలు అలా వెనక్కి తిరగవు. మాచర్ల బస్సు నా కోసం మళ్ళీ గుంటూరు నించి బయల్దేరదు.

తిరుగు ప్రయాణానికి కుడివైపు తీసుకున్నాను. అమ్మకి 'ఎఫ్', నాకు 'ఇ'. మేం కూర్చోగానే ఒక పెద్దమనిషి వచ్చి, తన స్నేహితుడు మా వరుసలో నడవ పక్కన వున్నాడనీ, తను రెండు వరుసల వెనక మధ్య సీట్లో వున్నాననీ, పెద్దావిడ అక్కడికి మారితే ఇద్దరం దగ్గరగా కూర్చుంటామనీ అడిగాడు. నేను అమ్మకి చెప్పాను.

"ఇవ్వనని చెప్పు" అంది అమ్మ.

"ఎందుకంటే ఏం చెప్పను?"

"నాకు చూడాలని వుందని చెప్పు."

నలభై ఏడేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు. హిందీలో చెప్పేటప్పుడు నా గొంతు ఎందుకో బొంగురుపోయింది. ఆయన పాపం ఏమీ అనుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మబ్బులు ఎక్కువ. మనస్లు అనే కొండ సగం కనపడి పోయింది. అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, మళ్ళీ పెట్టుకుంటూ, అద్దం వదలకుండా చూసింది. ఇంకాసేపటికి నావైపు తిరిగింది.

"నువ్వు కూర్చుంటావా?" అని అడిగింది.

మామూలుగా మనం ఏమంటామో మీకు తెలుసు. "అబ్బే, ఫరవాలేదమ్మా, నువ్వు చూడు" అంటాం. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ అడగడం నేర్చుకున్న రోజున నేను అబద్ధం చెబితే ఏం బాగుంటుంది? "కూర్చుంటాను" అన్నాను.

సీటు మారాం. మబ్బుల సందులో అన్నపూర్ణ కనపడింది, రెండు మూడు నిముషాలు. నేను తల వెనక్కి వాల్చి, సీటుకి ఆనించుకుని కూర్చున్నాను. అలా కూర్చుంటే పక్కనున్నవాళ్ళకి కూడా కనపడుతుంది.